తొమ్మిదిమందికి సరిపడే బల్ల

దేశంలోకెల్లా పెద్ద కోర్టులో ఎందరు జడ్జీలు కూర్చోవాలో చట్టం చెబుతుంది. వాళ్ళ ముందుండే బల్లని ఆ లెక్కకి సరిచేయాల్సింది మాత్రం వడ్రంగే. మొదట్లో జడ్జీలు అయిదుగురు. తర్వాతి ప్రభుత్వం ఏడుగురంది, ఆ తర్వాతది తొమ్మిదిమందంది. మన వడ్రంగి వాళ్ళ తాత రెండు కొసలకీ అతుకులు వేస్తూ పోయాడు. ఇంతలో ఏదో తీర్పు తమకి ఎదురొచ్చిందని ఇంకో ప్రభుత్వానికి ఒళ్ళు మండింది. ఇద్దరు జడ్జీలు రిటైరయ్యేదాకా ఆగి, ఆ రెండు చోట్లూ ఎత్తేసింది. ఖాళీలు జనం కంటపడితే బాగుండదని వడ్రంగి వాళ్ళ నాన్నని పిలిచి, అటూ ఇటూ కొసలు కోయించేశారు. దేశానికి అక్కర్లేని ఆ రెండు టేకుముక్కల్నీ ఆయన ఇంటికి తెచ్చుకుని, పక్కపక్కన కలిపి, నాలుగు కాళ్ళు తగిలించి భోజనాల బల్ల చేశాడు.

ఆ బల్ల దగ్గరే వడ్రంగీ ఆయన భార్యా ముప్ఫైయేళ్ళు తిన్నారు. అతుకుకి ఇటు ఆయన, అటు ఆవిడ. ఆవిడ కూరలు నేరుగా బల్ల మీదే తరిగేది.

"జడ్జీల చెక్కే అది, గాట్లు పెట్టకే!"

"వాళ్ళు పెట్టే గాట్లకంటేనా?" అనేది.

ఆ గాట్ల మీద అరచెయ్యి ఆనించి, ఈయన తినడం అయ్యేదాకా కబుర్లు చెప్పేది. ఆవిడ పోయి ఏడాదయింది. పోయిందన్న మాట ఆయన ఇంతవరకూ ఎవరితోనూ పైకి అనలేదు. రోజూ తన వైపు కూర్చుని, అటు చూస్తూ తినేవాడు. ఆ కాసేపే ఇంట్లో మనిషి ఉన్నట్టుండేది.

ఇప్పుడు కేసులు కొండలా పేరుకుపోయాయని మళ్ళీ చట్టం మార్చారు. మళ్ళీ తొమ్మిదిమంది! కోర్టు రిజిస్ట్రారమ్మ వడ్రంగిని పిలిపించింది.

"మేస్త్రిగారూ, కొత్త చెక్కతో రెండు కొసలూ పొడిగించేయండి."

సరేనని వచ్చేస్తే గొడవే లేకపోయేది. నోరు ఊరుకుంటేనా!

"కొత్త చెక్క రంగు కలవదమ్మా, ఎబ్బెట్టుగా ఉంటుంది. అసలు ముక్కలు మా ఇంట్లోనే ఉన్నాయి" అనేసి, నాలుక్కరుచుకున్నాడు.

"ఇంకేం, అవే పట్టుకొచ్చేయండి!"

పనితనం మీది మోజే ఆయన కొంప ముంచింది.

కాళ్ళు ఊడదీయడానికి బావమరిది సాయమొచ్చాడు. "బావా, మనకి రాకపోయినా నీ బల్లకి ప్రమోషన్ వచ్చిందయ్యో!" అని నవ్వబోయి, గాట్లు చూసి ఆగిపోయాడు. "అక్క పెట్టినవి కదూ. ఇవ్వనని చెప్పెయ్ బావా."

"మాటిచ్చేశాను కదరా."

అతుకు విడదీసి, తన ముక్కని ఎడమ కొసకి, ఆవిడ ముక్కని కుడి కొసకి బిగించాడు. మధ్యలో ఏడుగురు జడ్జీలు. తన ముక్కకి నున్నగా చిత్రిక పట్టాడు. ఆవిడ ముక్క మీద చెయ్యి ఆడలేదు, పైపైన వార్నిష్ రాసి వదిలేశాడు.

ఇల్లు బావురుమంది. రెండ్రోజులు ఒళ్ళో కంచం పెట్టుకుని గోడని చూస్తూ తిన్నాడు. మూడోరోజు వండింది డబ్బాలో సర్దుకుని, సంచీలో వేసుకుని కోర్టుకి వెళ్ళాడు. ఏ కేసని గుమ్మం దగ్గర అడిగితే ఊరికేనన్నాడు. జనం కూర్చునే చోట, ముందువరసలో, కుడి కొసకి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు.

మధ్యాహ్నమైంది. ప్లీడరు ఏదో సెక్షన్ని సాగదీస్తున్నాడు. కుడి కొసన కూర్చున్న కొత్త జడ్జి విసుగ్గా ఆ గాట్లని వేలితో తడిమి, అరచెయ్యి వాటి మీద ఆనించాడు. అంతే, వడ్రంగి ఎక్కడున్నాడో మరిచిపోయాడు. భార్యకి జబ్బుచేసిన రోజుల్లో ఆయనే వండి, సగం డబ్బా మూతలో పెట్టి ఆవిడ వైపు జరిపేవాడు. ఇప్పుడూ సంచీలోంచి డబ్బా తీశాడు. సగం మూతలో పెట్టాడు. దాన్ని ముందు అడ్డంగా ఉన్న కటకటాల చెక్క మీద పెట్టి, జడ్జి వైపు జరిపాడు.

"తిను, చల్లారిపోతుంది."

ప్లీడరు ఆగిపోయాడు. తొమ్మిదిమందీ తలలు తిప్పి చూశారు.

"ఎవరండీ ఆయన?" అన్నాడు మధ్యలో కూర్చున్న పెద్ద జడ్జి. "ఇదేమన్నా భోజనాల బల్లనుకున్నారా?"

కోర్టంతా గొల్లున నవ్వింది. జవాబు వడ్రంగి ఒక్కడికే తెలుసు.

కోర్టు జవాను ఆయన రెక్క పట్టుకుని బయటికి తెచ్చాడు. పాపం, మంచివాడే. మెట్ల మీద కూర్చోబెట్టి, డబ్బా, మూతా జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

"ఎవరికోసం పెట్టావు పెద్దాయనా?"

"మా ఆవిడకి."

"లోపలే ఉండిపోయిందా? ఉండు, పిలుచుకొస్తాను" అని జవాను రెండు మెట్లు ఎక్కాడు కూడా.

వడ్రంగి గబుక్కున అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు నాయనా. చచ్చిపోయింది" అన్నాడు. పాడె లేచిన రోజున కూడా కంట తడిపెట్టనివాడు, ఆ మెట్ల మీద భోరుమని ఏడ్చాడు.