నీళ్ళు తాగి నవ్విన నవ్వు

అక్క సంచీ సర్దుతున్నాను, ఎంత సర్దినా అది నిండడం లేదు. రెండు నేతచీరలు పెట్టాను, దువ్వెన పెట్టాను, తువ్వాలు మడతపెట్టి పైన పెట్టాను, మళ్ళీ చెయ్యి పోనిచ్చి చూస్తే అడుగున కాకీగుడ్డ తగులుతోంది తప్ప చీరలు లేవు. అక్క నా పక్కనే నేలమీద చతికిలపడి జడ అల్లుకుంటోంది. తను చచ్చిపోయిందని నాకు తెలుసు, తనకీ తెలిసినట్టే ఉంది, కాని రైలుకి వేళవుతోంది కాబట్టి ఇద్దరం ఆ మాట ఎత్తడం లేదు. నాకు డెబ్బై తొమ్మిదేళ్ళు, తనకి ముప్ఫై ఒకటి, అయినా తనే అక్క, నేనే చెల్లెల్ని, అందులో వింతేమీ కనపడటం లేదు నాకు.

"ఏటే వరాలూ, సంచీలో అలా దేవుతున్నావు, పాము గాని దూరిందా?" అంటోంది అక్క.

"చీరలు కనపడ్డం లేదక్కా."

"పోతే పోయాయిలే. ఆసుపత్రిలో వాళ్ళే తెల్లగౌను ఇస్తారట. ఇన్నాళ్ళూ రాణీ వేషం కట్టాను, ఇక దెయ్యం వేషం."

నవ్వుతోంది. అక్క నవ్వితే ముందు కళ్ళు నవ్వుతాయి, ఆ తర్వాత బుగ్గలు పైకి లేస్తాయి, పళ్ళు కనపడాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి అప్పుడు కనపడతాయి. నాటకాల కంపెనీలో పదిహేనేళ్ళు ఆ నవ్వుతోనే బతికింది. నేను ఆ నవ్వుకేసి చూస్తూ ఉండగానే గోడలు టార్పాలిన్ గుడ్డలైపోయి గాలికి ఊగుతున్నాయి, పెట్రోమాక్సు లైటు బుస్సుమంటోంది, మొహాలకి పూసుకునే అర్దళం వాసన ముక్కుకి తగులుతోంది. తెర అవతల బావ హార్మోనియం మెట్లు నొక్కి చూసుకుంటున్నాడు. నేను చెలికత్తె వేషంలో ఉన్నాను, జుట్టు మాత్రం ఇప్పటిదే, తెల్లగా ఉంది.

చెలికత్తెకి మాటలు లేవు. రాణీ రాగానే ఆమెను చూసి సంతోషంగా నవ్వాలి, అంతే పని. ఆ ఒక్కటీ నాకు చాతకావడం లేదు.

"నవ్వమంటే పళ్ళు చూపిస్తావేటే? పళ్ళపొడి అమ్ముతున్నావా?" అంటోంది అక్క, నా గడ్డం పట్టుకుని లైటు వైపు తిప్పుతూ. "కళ్ళు ముందు. పళ్ళు ఆఖర్న. ఎన్నిసార్లు చెప్పాలి?"

"రావడం లేదక్కా. నవ్వు రాకుండా ఎలా నవ్వడం?"

"ఉసిరికాయ తిని నీళ్ళు తాగితే ఎలా ఉంటాయే?"

"తియ్యగా ఉంటాయి."

"ఆ తీపి తగిలినప్పుడు నీ మొహం ఎలా అవుతుందో నువ్వు చూసుకోలేదు, నేను చూశాను. ఎవరూ అడక్కుండా వచ్చే నవ్వది. ఆ గుక్కని తలుచుకో, చాలు. కాయ నోట్లో ఉండకూడదు, మనసులో ఉండాలి."

నేను తలుచుకుంటున్నాను. పులుపు తలపుకొస్తోంది, వగరు తలపుకొస్తోంది, ఆ తర్వాత వచ్చే నీళ్ళు మాత్రం రావడం లేదు. తెర లేచిపోతోంది, జనం అంతా నా పళ్ళు చూసి గొల్లుమంటున్నారు. నాలుగేళ్ళు ఇలాగే అయింది. ఇక లాభం లేదని కంపెనీ వాళ్ళు నన్ను తెరవెనక కూర్చోబెట్టి, మరిచిపోయిన వాళ్ళకి మాటలు అందించమన్నారు. నాటకం పోస్టర్ల మీద కూడబలుక్కుని నేర్చుకున్న అక్షరాలు అలా అక్కరకొచ్చాయి. అక్కకి మాత్రం నేనెప్పుడూ ఒక్క మాటైనా అందించాల్సిన అవసరం రాలేదు.

తెర పూర్తిగా పైకి పోయేసరికి అవతల జనం లేరు, రైలు పట్టాలున్నాయి. తుని స్టేషను. అక్క అప్పుడే పెట్టెలో కిటికీ దగ్గర కూర్చుని ఉంది, సంచీ ఇంకా నా చేతిలోనే ఉంది. టిక్కెట్ల కలెక్టరు నల్లకోటుతో వస్తున్నాడు, దగ్గరికొచ్చాక చూస్తే అతను మా ఊరి డాక్టరుగారు. మెడలో గొట్టం వేలాడుతోంది, చేతిలో టిక్కెట్టుకి చిల్లు పొడిచే కత్తెర ఉంది.

"ఇది వెళ్ళడానికే టిక్కెట్టమ్మా," అంటున్నాడు నా ఒక్కదానికే వినపడేటట్టు.

"తిరిగి రావడానికి లేదా అండీ?"

"కడుపులో గడ్డ బాగా ముదిరిపోయింది. విశాఖపట్నంలో అయినా చేసేదేమీ లేదు. మీ మనసు ఊరుకోదు కాబట్టి తీసుకెళ్ళండి. ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి."

టిక్కెట్టుకి చిల్లు పొడుస్తున్నాడు, ఆ చిల్లులోంచి వెలుతురు వస్తోంది, నేను దాన్ని బొటనవేలితో మూస్తున్నాను అక్కకి కనపడకుండా. బావ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. హార్మోనియం మెడకి తగిలించుకున్నాడు, మొహం అవతలికి తిప్పుకున్నాడు.

"నా వల్ల కాదు వరాలూ," అంటున్నాడు. "దాని కళ్ళలోకి చూశానంటే బయటపడిపోతాను. నువ్వు నవ్వు. నువ్వు నవ్వితే ఏమీ లేదనుకుని నిశ్చింతగా వెళ్తుంది."

ఇంటిల్లిపాదిలో ఆ పనికి నేనే దొరికాను, నవ్వడం రాని దాన్ని. అందుకే ఆ రోజు పొద్దున్నే ఉసిరికాయ చిన్న ముక్క కోసి బుగ్గన పెట్టుకున్నాను. మనసులో పెట్టుకోమన్నదాన్ని నోట్లో పెట్టుకున్నాను. గార్డు జెండా చూపించగానే మరచెంబు మూత తీసి ఒక్క గుక్క తాగి అక్కకేసి తిరిగాను. వచ్చింది. నాలుగేళ్ళూ రానిది అప్పుడొచ్చింది, కళ్ళు ముందు, పళ్ళు ఆఖర్న. కిటికీలోంచి అక్క కూడా నవ్వింది. రైలు కదిలింది.

కలలో మాత్రం రైలు కదలడం లేదు. జెండా అలా పైకెత్తే ఉంది. అడగాలంటే ఇప్పుడే అడగాలి, మళ్ళీ ఎప్పుడు కనపడుతుందో, అసలు కనపడుతుందో లేదో. కిటికీ ఊచలు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

"అక్కా, ఒక్క మాట."

"అడుగు. బండి కదిలిపోద్ది."

"ఆ రోజు నేను నవ్వాను కదా. నమ్మావా?"

అక్క జడ ముందుకి వేసుకుని, చెలికత్తె వేషంలో నన్ను ఎలా ఎగాదిగా చూసేదో అలా చూస్తోంది.

"బాగా నవ్వావు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మన రాజమండ్రి నాటకం నాడు అలా నవ్వి ఉంటే నీకూ ఒక పట్టుచీర వచ్చేది."

"అయితే నమ్మావన్నమాట." నా గుండెల మీంచి ఏదో దిగుతున్నట్టుంది.

"ఏటి నమ్మమంటావే, పిచ్చిదానా?" అంటోంది అక్క మెల్లగా. "నిన్నొదిలి పక్కూళ్ళో ఆడి రావడానికి వెళ్ళినా నా కొంగట్టుకుని నానా రభసా చేసేదానివి. నేనూ వస్తానని తిట్టేదానివి, బస్సు వెనకాల పరిగెట్టేదానివి. ఆ రోజు ఏడవలేదు, తగువాడలేదు. చెంబెత్తి ఒక్క గుక్క తాగావు. ఆ చలిలో పొద్దున్నే దాహమేటే నీకు? తాగి, నన్ను చూసి అంత చక్కగా నవ్వావు. అప్పుడు తెలిసింది నాకు, నేనింక రానని."

తెరవెనక కూర్చున్నదాన్ని, ఎవరికి ఏ మాట కావాలన్నా అందించినదాన్ని, నా చేతిలో పుస్తకం ఉంది, తిరగేస్తున్నాను, అన్నీ తెల్లకాగితాలే.

"ఎప్పట్లా ఆ పళ్ళపొడి నవ్వు నవ్వేసుంటే నమ్మేదాన్నే," అంటోంది.

"మరి నువ్వూ నవ్వావు కదక్కా."

"నవ్వాను."

"అది నిజం నవ్వేనా?"

"నన్నా అడుగుతున్నావు?" అంటోంది అక్క. కిటికీలో తన మొహం ఒక పక్క వెలుగులో ఉంది, రెండో పక్క కనపడటం లేదు.

"ఇద్దరం కూచుని ఏడ్చుంటే బాగుణ్ణు."

"బాగుణ్ణు," అంటోంది.

"ఇప్పుడు ఏడుద్దామా అక్కా? ఎవరూ లేరు. బావ అటు తిరిగే ఉన్నాడు."

"ఏడు, చూస్తాను."

నేను ఏడవబోతున్నాను. మొహం కదులుతోంది, కాని కళ్ళు సన్నబడి, బుగ్గలు పైకి లేస్తున్నాయి. నవ్వు వస్తోంది. చేత్తో బుగ్గలు కిందికి లాగుతున్నాను, జారి మళ్ళీ పైకి పోతున్నాయి. "ఇది కాదక్కా, ఇది కాదు, నేను ఏడుస్తున్నాను" అంటున్నాను. అక్క తల ఊపుతోంది, బాగా నేర్చుకున్న పిల్లని మెచ్చుకున్నట్టు. జెండా దిగింది. సంచీ నా చేతిలోంచి దానంతటదే కిటికీలోకి వెళ్ళిపోతోంది, ఇప్పుడు బరువుగా ఉంది, అందులో ఏం సర్దానో నాకు గుర్తు రావడం లేదు, పట్టుకుని నాలుగడుగులు నడిచాను, చెయ్యి ఖాళీ అయిపోయింది.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటింది. కరెంటు పోయినట్టుంది, ఫ్యాను ఆగిపోయి ఉంది, జాకెట్టు వీపుకి అంటుకుంది. నోరంతా వగరుగా ఉంది. నాలుకతో తడిమితే బుగ్గలో గట్టిగా ఏదో తగిలింది. అన్నం తిన్నాక అరుగుదలకని వేసుకున్న ఎండు ఉసిరి ముక్క, కరక్కుండా అలాగే ఉండిపోయింది.

మంచం పక్కనున్న గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాను. తియ్యగా ఉన్నాయి. ఎదురుగా బీరువా అద్దంలో ఒక ముసలావిడ కళ్ళు సన్నబడ్డాయి, బుగ్గలు లేచాయి. పళ్ళు లేవు కాబట్టి అక్కడితో ఆగిపోయింది.

మా అక్క రాజ్యం పంతొమ్మిదివందల అరవయ్యారు డిసెంబరు పదకొండో తేదీ ఆదివారం పొద్దున్న పాసింజరులో బావతో తుని నుంచి వెళ్ళింది. ముప్ఫయ్యో తేదీన బావ కాకీ సంచీ పట్టుకుని ఒక్కడూ దిగాడు. అక్క రాలేదు.