ఏరేసిన రాళ్లు

"గింజలు సరిగ్గా ఏరు. పోయిన వారం రాయి తగిలి నా పన్ను రాలిపోయేదే," అంది అత్తయ్య, బేసిన్ నా ముందుకు తోస్తూ. పోయిన వారం ఏరింది ఆవిడే. ఆ మాట నేను పైకి అనలేదు. ఆదివారం పొద్దున వంటింటి బల్ల మీద చిక్కుడు గింజలు పల్చగా పరిచి, రాళ్లూ పుచ్చులూ వేలితో పక్కకి నెట్టడం నాకు అలవాటైన పని. పెళ్లయి మెక్సికోలోని మిచోవకాన్ నుంచి ఈ కాలిఫోర్నియా లోయకి వచ్చి పదిహేనేళ్లయింది. ఆ ఒక్క వారం తప్ప, మా ఇంట్లో ఎవరి పంటికీ రాయి తగలకుండా చూసింది నేనే.

మా అమ్మాయి యారెలి చెవుల్లో ఏవో పెట్టుకుని ఫోను చూసుకుంటోంది. అత్తయ్య దాన్ని పైనుంచి కిందకి చూసి మొదలుపెట్టింది. "పదమూడేళ్లొచ్చాయి, ఒక్క టోర్టియా రొట్టె కాల్చడం రాదు. గాడిదలా పెరిగింది. తల్లి తన నోరు బడికి అద్దెకిచ్చి ఊరంతా తిరుగుతుంటే పిల్ల ఇలాగే తగలడుతుంది మరి."

యారెలి ఒక చెవి ఖాళీ చేసుకుని ఇంగ్లీషులో అడిగింది. "అమ్మా, నానమ్మ ఏమంటోంది?"

"నీకు టోర్టియా చెయ్యడం నేర్పిస్తానంటోంది."

"నేనేం పనిమనిషినా? కావాలంటే ఆవిడే కాల్చుకోమను."

"ఏమంటోంది?" అంది అత్తయ్య.

"హోంవర్కు అయ్యాక నేర్చుకుంటుందట."

ఇద్దరూ చల్లబడ్డారు. మా ఇల్లు ఇలా నడుస్తుంది. పిల్ల బడిలో వెనకబడుతుందని, ఇంట్లో దానితో ఇంగ్లీషే మాట్లాడమన్నాడు మా ఆయన ఎఫ్రాయిన్, తనకి రాని ఇంగ్లీషు. నేను మాట్లాడాను. ఇప్పుడు దానికి తండ్రి మాట సగం అందుతుంది, నానమ్మ పల్లె స్పానిష్ అసలు అందదు. నానమ్మా మనవరాలూ ఒకే గదిలో పడుకుని లేస్తూ, నా నోటితోనే మాట్లాడుకుంటారు. నేను పక్కకి నెట్టిన మాటలన్నీ పోగేస్తే ఈ బేసిన్ చాలదు.

బయట కూడా నాది అదే పని. కాకపోతే అక్కడ దానికి ఒక ఉద్యోగం పేరుంది. మా జిల్లా బడులన్నిటికీ నేను అనువాదకురాలిని. టీచర్లు ఇంగ్లీషులో చెప్పింది తల్లిదండ్రులకి స్పానిష్‌లో, వాళ్లు చెప్పింది వీళ్లకి ఇంగ్లీషులో చెప్తాను. మీటింగు మొదట్లో బల్ల చుట్టూ అందరూ తమ పేర్లు చెప్పుకుంటారు, నా వంతు రాగానే నన్ను దాటేసి పక్కవాళ్లు అందుకుంటారు. చాలాసార్లు నాకు కుర్చీ కూడా ఉండదు, గోడవారగా ఉన్నది నేనే లాక్కొచ్చుకుంటాను. పనిలో చేరిన రోజు నాతో చెయ్యి పైకెత్తించి ఒట్టు వేయించారు. గదిలో ఎవరు ఏమన్నా, గొణిగినా సరే, అవతలివాళ్లకి చెప్పాలి. ఏదీ కలపకూడదు, ఏదీ తియ్యకూడదు. పదకొండేళ్లలో ఆ ఒట్టు తప్పలేదని అనుకునేదాన్ని. మొన్న గురువారం తప్పాను.

ఆ రోజు ఫెలీసితాస్ అనే ఆవిడ వచ్చింది. ద్రాక్ష ప్యాకింగు షెడ్డులో పనిచేస్తుంది. కూతురు నోయేలియా ఎనిమిదో తరగతి, చదవడం రాయడం బాగా నిదానం. వచ్చే ఏడు హైస్కూల్లో ఆ పిల్లని ఏ క్లాసులో వెయ్యాలో తేల్చడానికి పెట్టిన మీటింగు అది. ఫెలీసితాస్ టీచర్లందరికీ మొక్కజొన్న పిండి తమాలెస్ వండి, గుడ్డలో చుట్టి, వేడివేడిగా తెచ్చింది. తెల్లారుజామున లేచి ఉంటుంది. మీటింగు నడిపే మిసెస్ లండ్‌గ్రెన్ గడియారం చూస్తూ చెప్పుకుపోయింది. చిన్న క్లాసు, తక్కువ మంది పిల్లలు, వంట చేసుకోవడం, బట్టలుతుక్కోవడం, బస్సెక్కడం నేర్పిస్తారు. నేను చెప్తున్నాను, ఫెలీసితాస్ తలూపుతోంది. అంతలో ఆవిడ నవ్వుతూ అంది. "మా ఇంట్లో హైస్కూలు ముగించి ఆ నీలం గౌను, ఆ టోపీ వేసుకునే మొదటి మనిషి ఇదేనండీ. టోపీ జారిపోకుండా పిన్నులు ఇప్పుడే కొని దాచాను, నాలుగేళ్లుందని మా ఆయన ఒకటే నవ్వు."

అది ఇంగ్లీషులో చెప్పాను. మిసెస్ లండ్‌గ్రెన్ కాగితాలు సర్దుకుంటూ గబగబా అంది. "ఆ క్లాసులో చదివితే హైస్కూలు పాసైనట్టు డిప్లొమా రాదు, హాజరైనట్టు ఒక కాగితం ఇస్తారు, అది ఆమెకి అర్థమైందనుకుంటాను."

ఫెలీసితాస్ నా వైపు చూసింది, ఇంకా నవ్వుతూనే. "చివర్లో ఒక కాగితం ఇస్తారు," అన్నాను నేను. అంతే. మిగిలింది మింగేశాను.

ఫారం ఆవిడ చేతికిచ్చి, సోమవారం పొద్దున ఎనిమిదికి ఆఫీసులో సంతకం పెట్టమన్నారు. ఆవిడ పోతూ పోతూ నా చేతిలో కూడా రెండు తమాలెస్ పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం ఎఫ్రాయిన్‌తో ఈ సంగతి చెప్పాను. అతను డెయిరీలో పాలు పితికే పనిలో ఉన్నాడు, ఆదివారం ఒక్కరోజే కాళ్లు చాపుకుంటాడు. "కడుపులో పెట్టుకో. ఎవరికి తెలుస్తుంది? చెప్పావంటే ముందు పోయేది నీ ఉద్యోగమే," అన్నాడు. మళ్లీ, "అయినా మాట్లాడ్డం కూడా ఒక పనేనా, దానికింత బాధా! ఒక్కసారి ఆవు తన్నితే తెలుస్తుంది పనంటే ఏంటో," అని నవ్వాడు. ఆ నవ్వు అవకుండానే తన ఫోను నా చేతిలో పెట్టాడు. "ఇదిగో, ఇన్సూరెన్సువాళ్లు. అరగంట నుంచి పాటలు వేస్తున్నారు. ఎవరైనా పలికితే నువ్వు మాట్లాడు." మాట్లాడ్డం పని కాదట! భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని గింజలు పొయ్యి మీద పెట్టాను.

ఆ పాటలు వింటూ నిలబడి చాలాసేపు ఆలోచించాను. ఆవిడ మనసు నొప్పించకూడదని తీసేశానా? ఇంట్లో కూడా ఇదే చెప్పుకుంటాను, పిల్ల మనసు నొప్పించకూడదు, పెద్దావిడ మనసు నొప్పించకూడదు. మరి తీసేసిన మాటలన్నీ ఎక్కడికి పోతున్నాయి? నాలోకే. అత్తయ్య తిట్టేది పిల్లనీ నన్నూ కలిపి. పిల్లకి దాని వాటా కూడా అందకుండా రెండూ నేనే తింటున్నాను, పైగా దాన్ని మంచితనం అనుకుంటున్నాను. నిజం చెప్పాలంటే గురువారం నేను కాపాడింది ఫెలీసితాస్‌ని కాదు. ఆ నవ్వు ఆగిపోతే చూడాల్సింది నేనే కదా, ఆ చూడాల్సిన నన్ను కాపాడుకున్నాను. దానికి ఆ పిల్ల డిప్లొమా పోతుంది. నాలుగేళ్ల తర్వాత ఆ తల్లి డబ్బాలోంచి పిన్నులు తీస్తుంది. సిగ్గేసింది నాకు. ఉద్యోగం పోతుందన్న భయం కూడా వేసింది, కాదనను, కానీ సిగ్గే ఎక్కువ.

సోమవారం ఎనిమిదికి పది నిమిషాల ముందే ఆఫీసుకి వెళ్లాను. ఫెలీసితాస్ అప్పటికే పెన్ను పట్టుకుని కూర్చుంది. "ఆగండి," అన్నాను. మిసెస్ లండ్‌గ్రెన్‌ని పిలిచి, ఇద్దరినీ ఎదురుగా పెట్టుకుని, ముందు ఇంగ్లీషులో, తర్వాత స్పానిష్‌లో చెప్పాను. "గురువారం మీటింగులో నేను ఒక మాట వదిలేశాను. తప్పు నాది." ఆ మాటేమిటో చెప్పాను. డిప్లొమా రాదు, ఒట్టి హాజరు కాగితమే వస్తుంది.

ఫెలీసితాస్ పెన్ను కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అంటే ఆ టోపీ?"

"టోపీ ఇస్తారు. డిప్లొమా ఇవ్వరు."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"మీరు నవ్వుతున్నారు."

"నవ్వుతుంటే?" ఆవిడ గొంతు పెంచలేదు, అదే నాకు ఎక్కువ తగిలింది. "మా పెద్దబ్బాయిని మట్టిలో పెట్టి వచ్చి మర్నాడు షెడ్డుకి వెళ్లి నిలబడ్డదాన్ని నేను. ఒక మాట వినలేనా? నా నవ్వు నేను చూసుకుంటాను సెన్యోరా. మీ పని మీరు చూసుకోండి."

మిసెస్ లండ్‌గ్రెన్ నా వైపు వంగి, "ఇది మనం తర్వాత మాట్లాడుకోవాలి ఒదిలియా," అంది పళ్ల మధ్య నుంచి. అది నాతో అన్న మాట. అయినా గదిలో అన్నదే కదా, అదీ స్పానిష్‌లో చెప్పేశాను. ఫెలీసితాస్ కనుబొమలెత్తి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత అంది. "చెప్పండి ఆవిడకి. నేను ఒప్పుకోను. నా కూతురు నిదానమే, కానీ ఇంట్లో ముగ్గురు తమ్ముళ్లకి వండి పెడుతుంది. వంట నేర్పడానికి బడెందుకు? డిప్లొమా వచ్చే క్లాసులోనే ఉంచి సాయం చెయ్యమనండి. ఎన్ని మీటింగులైనా వస్తాను. ఒక్క ముక్క తియ్యకుండా చెప్పండి."

ఒక్క ముక్క తియ్యకుండా చెప్పాను. సంతకం పడలేదు, ఇంకో మీటింగు తేదీ పడింది. మధ్యాహ్నానికి నా ఫైలులో హెచ్చరిక కాగితం కూడా పడింది. ఈసారి తమాలెస్ ఇవ్వకుండానే వెళ్లిపోయింది ఫెలీసితాస్. వీధి మలుపు దాకా ఆవిడ వీపు చూస్తూ నిలబడ్డాను. మనసు బరువుగా ఉంది, నోరు మాత్రం తేలికపడింది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పానో లేదో, అత్తయ్య బేసిన్‌లో గింజలు పోసి బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు తీరిందా మహారాణికి? ఈ పిల్లేమో పొద్దస్తమానం ఆ ఫోను. దీన్ని కట్టుకునేవాడెవడో గానీ, పాపం, పస్తులుండి చస్తాడు."

"నానమ్మ ఏమంటోంది?" అంది యారెలి.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చెప్పాను. మహారాణి దగ్గర్నుంచి పస్తుల దాకా, ఆదివారం నాటి గాడిదతో సహా.

యారెలి ఫోను బల్ల మీద బోర్లించింది. "రోజూ ఇలాగే అంటుందా?"

"దాదాపు."

"అయితే చెప్పు. నన్ను కట్టుకునేవాడు వంట నేర్చుకునే వస్తాడు. అంత బెంగగా ఉంటే తన కొడుక్కి నేర్పమను, నలభై రెండేళ్లొచ్చాయి, గుడ్డు ఉడకబెట్టడం రాదు."

"ఒదిలియా, వద్దు," అన్నాడు ఎఫ్రాయిన్ సోఫాలోంచి. ఇంగ్లీషు రాకపోయినా ఆ మాట మాత్రం అతనికి బాగానే అందింది.

అత్తయ్య నన్నే చూస్తోంది. "ఏమంటోంది?"

చెప్పాను. గుడ్డు కూడా వదల్లేదు.

అత్తయ్య మనవరాలి మొహంలోకి, మొదటిసారి చూస్తున్నట్టు, చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతోంది!

"ఓసి నీ దుంప తెగ! ఇది నా మనవరాలే. ఇన్నాళ్లూ నోట్లో నాలుక లేని మొద్దు పిల్ల అనుకుని ఎంత దిగులు పడ్డానో!" ఏప్రన్ అంచుతో కళ్లొత్తుకుంది. తర్వాత నా వైపు తిరిగింది, నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "అయితే దాని మాటలన్నీ నువ్వే మింగావన్న మాట. మరి నీవి? పదిహేనేళ్లలో నన్ను అనడానికి నీకేం లేదా?"

"ఉంది అత్తయ్యా," అన్నాను, బేసిన్ ఆవిడ ముందుకి జరిపి. "ఏరుతూ వినండి. చాలా ఉంది."