ఇంటి సంబంధం

ఎండ... రేకుల కప్పు చిటచిటలాడుతోంది. ఇంట్లో మగ్గం ఆగింది.

"ఎవురో తిడ్తాండారు మా," అంది శ్రావణి.

ఎవరూ తిట్టలేదు.

ఇరవయ్యేళ్ల పిల్ల. కర్నూలు హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదివింది. నిద్ర మానుకుని చదివింది. చదివీ చదివీ... ఒకరోజు పుస్తకం మూసేసింది. గోడ అవతల తనను తిడుతున్నారంది. గోడ అవతల ఉత్త బయలు. ఎర్ర దుమ్ము. గాలి.

తల్లి సుబ్బక్క కూతుర్ని ఇంటికి తెచ్చుకుంది. ముందు తాయెత్తు కట్టించింది. తర్వాతే కడప డాక్టరు.

"మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఉందా?" అన్నాడాయన.

సుబ్బక్క తల వంచుకుంది. తన తల్లి రామలక్ష్మమ్మ చచ్చేదాకా గోడలతో మాట్లాడింది. ఒంటి మీదికి దేవుడొస్తాడన్నారు ఊళ్లో. దేవుడట! ఏ దేవుడు మనిషినట్లా ఏడిపిస్తాడు?

"పుట్టుకతో కొంత వస్తుందమ్మా. బతుకులో తగిలే దెబ్బలు కొంత తోడవుతాయి. ఏది ఎంతో ఎవరూ చెప్పలేరు. ఎవరి తప్పూ కాదు. మాత్రలు మాత్రం ఆపొద్దు."

ఎవరి తప్పూ కాదట. తల్లి మనసు వింటుందా?

శ్రావణి కడుపులో ఉన్నప్పుడు కరువు. కడుపునిండా తిన్న రోజు లేదు. అదా? హాస్టలా? రక్తమా? — సుబ్బక్క తనను తాను తవ్వుకుంది. తవ్వేకొద్దీ ఏడుపే.

"అంతా మీ అమ్మ రక్తమే!" అని అరిచాడు భర్త ఓబుళేశు.

"మా అమ్మ నీకేమయితాది మామా?"

ఓబుళేశు సుబ్బక్కకు సొంత మేనమామ. రామలక్ష్మమ్మ అతని తోడబుట్టిన అక్క. ఇక ఎవరి రక్తాన్ని ఎవరు తిట్టాలి?

మాత్రలతో గొంతులు తగ్గాయి. శ్రావణి ఒకసారి నవ్వింది కూడా. అంతే — ఓబుళేశు పెళ్లి మాట ఎత్తాడు. వరుడు చంద్రమోహన్, సుబ్బక్క తమ్ముడు. శ్రావణికి మేనమామ.

"బయటోళ్లయితే ఆరా తీస్తారు. ఇది ఇంటి సంబంధం, అడిగేటోళ్లెవురు? పెండ్లయితే అదే సర్దుకుంటాది. ఆ మాత్రలు ఆపేయ్. వానికి చెప్పొద్దు."

చెబితే పెళ్లి పోతుంది. చెప్పకపోతే పిల్లే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నిశ్చితార్థానికి వక్కాకు మార్చుకునే రోజు వచ్చింది. ఇంటినిండా చుట్టాలు. సుబ్బక్క తమ్ముణ్ణి పెరట్లోకి పిలిచింది. హాస్టలు, గొంతులు, మాత్రలు — ఏదీ దాచలేదు. చెబుతూ ఏడ్చింది.

"వద్దంటే వద్దనప్పా. నేనేమీ అనుకోను."

తమ్ముడు కోప్పడతాడనుకుంది. వెళ్లిపోతాడనుకుంది. చంద్రమోహన్ మాత్రం వెనక్కి తిరిగి, తలుపు దగ్గర ఎవరూ లేరని చూసుకున్నాడు.

"అక్కా... ఆ డాక్టరు యాడుంటాడు?"

"ఎందుకప్పా?"

"నాకూ శానా దినాల నుంచి వినబడ్తాండాయి."

సుబ్బక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంది. ముహూర్తం దాటిపోతోందని లోపల ఓబుళేశు కేకలు వేస్తున్నాడు.

ఇద్దరూ కదల్లేదు.