లవ్‌డే కోటు తొడుక్కున్న చెట్టు

టోపీ ముందు తియ్యాలా, కోటు గుండీలు ముందు విప్పాలా, డెబ్బైకి దగ్గరపడ్డ బ్రహ్మచారికి పొద్దున్నే రావలసిన సందేహమేనా ఇది, అని తనలో తనే కిసుక్కున నవ్వుకున్నాడు డెంజిల్, ఎదురుగా పక్కింటి లవ్‌డే పసుపుపచ్చ వానకోటు తొడుక్కుని, లవ్‌డే ఊలు టోపీ పెట్టుకుని నిలబడింది లవ్‌డే కాదు, ఆమె పెరట్లో చెట్టు, ఎక్కడో బొలీవియా కొండల్లో పుట్టే కొబ్బరిజాతి చెట్టు, ఈ కార్న్‌వాల్ చలికి చావకుండా ఒంటినిండా గడ్డి, దాని మీద తెల్లగుడ్డ చుట్టించుకుని శీతాకాలమంతా మూటలా నిలబడ్డ చెట్టు, ఏప్రిల్ వచ్చేసింది, ఇవాళ విప్పుతానని ఆమెకి మాటిచ్చాడు, టీ వేళకి టెనెరిఫ్ దీవిలో చెల్లెలింటి నుంచి ఫోను చేస్తుంది, హలో కూడా అనదు, బతికిందా డెంజిల్ అంటుంది, అంతే.

బతక్కపోతే ఇల్లు అమ్మేస్తానంది, కిందటి అక్టోబర్లో బస్సెక్కుతూ, తుంటి ఆపరేషనయ్యాక చేతికొచ్చిన కర్రతో అతని బూటు మీద పొడుస్తూ మరీ అంది, ఇదిగో చూడు అందగాడా, ఆ ఊళ్ళో చెత్తబండి వాణ్ణి కూడా అందగాడా అనే పిలుస్తారు, అయినా ఆమె నోట వచ్చినప్పుడల్లా అతని చెయ్యి దానంతటదే జుట్టు సవరించుకుంటుంది, ఉన్న నాలుగు వెంట్రుకల్నీ, చూడు అందగాడా, మా చెల్లి అక్కడే ఉండిపొమ్మని పోరుతోంది, నన్నిక్కడికి లాగేది ఆ చెట్టొక్కటే, అది పోతే పోయిందని చెప్పెయ్, ఇంకో గింజ మొలిపించే ఓపిక నాకు లేదు, ఇల్లు ఎవరికో ఇచ్చేసి వెచ్చగా అక్కడే పడుంటా, అంది, మరి నేనో, అని అడగాలి కదా మనిషన్నవాడు, అడిగాడా, అక్కడ చెట్లకి దుప్పట్లు కప్పరు అమ్మాయ్, నీకు పొద్దెలా పోతుంది అన్నాడు, ఆమె పడీపడీ నవ్వింది, బస్సు తలుపు మూసుకుంటుంటే ఆ సందులోంచే అరిచింది, ఎండ కాసినరోజు విప్పి గాలి తగలనివ్వు, లోపల చెమట పడితే మొవ్వు కుళ్ళుతుంది, వింటున్నావా, విన్నాను తల్లీ విన్నాను, రెండు చెవులతోనూ విన్నాను.

మొదటి గుండీ ఊడింది, కోటు లోపలివైపు నీటిబొట్లు, ఇదేం కర్మ, వారం నుంచి వాన లేదే, బయటి వాన కాదురా మొద్దూ ఇది లోపలిది, అని ఎవరో అన్నట్టయింది, ఎవరో ఏమిటి లవ్‌డే గొంతే అది, ఈ కోటు ఆమె వాకిట్లో మేకుకి వేలాడుతుండేది, నవంబర్లో కుండీలకి నీళ్ళు పొయ్యడానికి తాళం తీసుకుని వెళితే కంటబడింది, చెయ్యి ఊరుకుంటుందా, తెచ్చి మూటకి తొడిగాడు, పైన టోపీ, గోడ పక్కగా పోతున్న పాదిరీగారు ఆగి, ఎప్పుడొచ్చావమ్మా లవ్‌డే, తుంటి ఎలా ఉంది అని అడిగి, చర్చి కప్పు కారుతోందన్న సంగతంతా విన్నవించి, జవాబు రాకపోయేసరికి మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు, గోడవతల డెంజిల్ కడుపు పట్టుకుని గడ్డిలో దొర్లాడు, ఆ సాయంత్రం న్యూలిన్ రేవు పక్క పబ్బులో ఆ ముచ్చట నాలుగుసార్లు చెప్పించుకున్నారు, ఐదోసారి అడిగితే ఎందుకో చెప్పబుద్ధి కాలేదు, ఇంటికొచ్చేశాడు, ఆ మర్నాటి నుంచే అనుకుంటా, టీ కప్పు పట్టుకుని ఆ మూట దగ్గరికి వచ్చి, లేచావా అమ్మాయ్ అనడం, ఏ పడవకి ఏ చేప పడిందో చెప్పడం, సముద్రపు కాకి తన చేతిలో పాస్టీని, కూరిన మాంసంతో సహా, ఎలా ఎగరేసుకుపోయిందో చెయ్యి ఆడించి మరీ చూపించడం, గాలికి కోటు చెయ్యి కొంచెం ఊగేది, అది చాలు, ఫిబ్రవరిలో బంగారంలాంటి ఎండ కాసింది, విప్పాలి, గుండీ మీద చెయ్యి వేశాడు కూడా, కాలరు దగ్గర ఇంకా ఆమె దగ్గుబిళ్ళల వాసన వస్తోంది, విప్పితే ఆమె వెళ్ళిపోతుంది, మూట మిగులుతుంది, రేపు చూద్దాంలే, రాత్రికి మంచు పడుతుందేమో, రేపు, ఎల్లుండి.

గుడ్డ విప్పాడు, గడ్డి పీకాడు, నల్లబడి జిగటగా వస్తోంది గడ్డి, ఆ వాసన అతనికి తెలుసు, చేపల రేవులో ఐసు లారీ నడిపినన్నాళ్ళూ ముక్కుకి పట్టిన వాసన, పెట్టెలో పైన చేప తళతళలాడుతూనే ఉంటుంది, అడుగు నుంచి వస్తుంది ఆ కుళ్ళు, వద్దు, అలా అనుకోకు, అదిగో మొవ్వు, నడినెత్తిన ముడిచిన గొడుగులా నిటారుగా, పచ్చగా, ఎంత బాగుందో చూడు, మొదట మొలకొచ్చినప్పుడు ఇంత తెల్లగా ఉండేది, పాలపన్నులా, వేణ్ణీళ్ళ ట్యాంకు పెట్టిన అల్మరాలో, తువ్వాళ్ళకీ లంగాలకీ మధ్య, ఏడాది దాటినా కదలని గింజ, ఒకరోజు గోడ మీంచి కేక, డెంజిల్, వచ్చింది, రా, ఆమె ఇంటి మేడమెట్లు అతను ఎక్కడం అదే మొదలు, ఆమె తువ్వాలు తొలగించి చూపించింది, ఏదో ఒకటి అనాలి కదా, గింజ జాతకమే జాతకం, ఏడాదంతా నీ లంగాల్లో పడుకుంది అన్నాడు, తడి తువ్వాలు మొహాన పడింది, ఆ మెట్లు దిగుతూనే అనుకున్నాడు అడిగేద్దామని, అడిగాడు కూడా, ఏ రోజు చూసుకుని, ఏప్రిల్ ఒకటో తారీకు చూసుకుని, పెళ్ళి చేసుకుందామా అమ్మాయ్, ఆమె చేస్తున్న పని ఆపింది, అతన్ని చూసింది, గోడకున్న క్యాలెండరు చూసింది, నీ మొహం మండ, నేను దొరకలేదులే పో అని కుంకుంపువ్వు బన్ను విసిరింది, అది తిన్నాడు కూడా, బాగుంది, కాదంటే హాస్యంలోకి పోతుందని ఆ తారీకు పట్టుకున్నాడు, కాదనలేదు ఆమె, అవునని అనడానికి మాత్రం చోటెక్కడుంచాడు.

పట్టుకో, లాగు, ఎన్నాళ్ళు చూస్తావ్, మొవ్వు గట్టిగా ఉంటే బతికినట్టు, రెండువేళ్ళతో పట్టుకుని కొంచెం, అబ్బే, అసలు లాగనేలేదే, పట్టుకున్నాడంతే, కేకు మీద కొవ్వొత్తి ఊడినంత సుళువుగా చేతిలోకి వచ్చేసింది, పొడుగ్గా, పైన పచ్చగా, కింద గోధుమరంగు గుజ్జు, వాసన, దీనికి ముందు ఆమె పెంచిన చెట్టుకీ ఇలాగే జరిగింది, మందు పోసి పోసి రెండు వేసవులు కూర్చుంది, అది మళ్ళీ లేవలేదు, చేతిలో మొవ్వుతో డెంజిల్ అటూ ఇటూ చూశాడు, దొంగలా, గోడ మీద కాకి తప్ప ఎవరూ లేరు, చెయ్యి ఊరుకుంటుందా, వచ్చిన కన్నంలోకే మళ్ళీ గుచ్చాడు, కొంచెం తిప్పి అదిమాడు, వెనక్కి జరిగి చూశాడు, ఓరి నాయనో, నిలబడింది, ఏ మొనగాడొచ్చినా కనిపెట్టలేడు, జన్మలో ఇంత చక్కటి మోసం చెయ్యలేదు, ఫోను తీశాడు, ఫొటోలో చెట్టు నిక్షేపంలా ఉంది, ఇది పంపితే చాలు, ఆమె బస్సు దిగుతుంది, కర్ర ఆనించుకుని, అందగాడా సంచీ పట్టుకో అని, తిన్నగా ఇక్కడికే వస్తుంది, వచ్చి.

వచ్చి ఏం చేస్తుంది, రోజూ చేసేదే చేస్తుంది, వేలూ బొటనవేలూ మొవ్వుకి ఆనించి, ఉన్నావా, అని మెల్లగా లాగుతుంది, ఇన్నేళ్ళూ గోడ మీంచి అది చూడ్డానికే కదా అతను పొద్దున్నే లేచేది, ఆ వేళ్ళ మధ్యకి ఇది ఊడి వస్తుంది, అప్పుడు ఆమె మొహం, వద్దు, ఆ మొహం చూసి నవ్వే మనిషి తను కాదు, ఫొటో చెరిపేశాడు, మొవ్వు మళ్ళీ పీకి గోడ మీద పెట్టాడు, కాకి వాసన చూసి ఎగిరిపోయింది, కోటు కింద పడుంది, దులిపి, లోపలి తడి ఎండకి పెట్టి తీగ మీద ఆరేశాడు, చలి చంపలేదు దీన్ని, ఈ శీతాకాలం అంత చలే లేదు, కోటు చంపింది, విప్పలేని చెయ్యి చంపింది, ఆ ఒకటో తారీకూ ఇలాంటి కోటే, బస్సు దగ్గర అన్న మాటా ఇలాంటి కోటే, తొడిగి తొడిగి లోపల ఏముందో తనకే తెలియకుండా చేసుకున్నాడు, కుళ్ళిందో లేదో ఒక్కసారైనా పట్టి చూసుకోలేదు, ఇప్పుడు చూసుకున్నాడు, చెట్టు దగ్గరే నిలబడి, తన లోపలి మొవ్వుని, మెల్లగా, లాగాడు, అది రాలేదు, గట్టిగానే ఉంది, ఇన్నేళ్ళయినా, టీ వేళకి ఫోను మోగుతుంది, బతికిందా డెంజిల్ అంటుంది, పోయింది అమ్మాయ్, నా వల్లే, నీ కోటు విప్పలేక, అయినా నువ్వు రా, ఎక్కడైనా ఓ చిన్న హాస్యం ఇరికిద్దామని అలవాటుగా ఆ మాట చుట్టూ వెతికాడు, మొదట్లో, మధ్యలో, చివర్లో, ఎక్కడా పట్టలేదు, చెట్టు లేకపోయినా నువ్వు రా, అంతే.