మెక్‌వాకీ నుంచి మేకవాకిలి దాకా

నేను ఒక ఇంటిపేరును. నాకంటూ ఒళ్లు లేదు, మనుషుల నోళ్లే నా నివాసం. పుట్టింది స్కాట్లాండు ఉత్తరాన, కొండల నడుమ ఒక లోయలో. అక్కడ డొనాల్డ్ అనే పశువుల కాపరి ఒక ముసురు సాయంత్రం పక్క లోయవాళ్ల ఆవును దొంగతనంగా తోలుకొస్తూ, రాతిగోడ దూకబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆవు దాని ఇంటికి అది వెళ్లిపోయింది. డొనాల్డ్ మాత్రం బతికినన్నాళ్లూ కుంటుతూనే ఉన్నాడు. అతని కొడుకులను లోయవాళ్లు మెక్‌వాకీ అన్నారు. వాళ్ల భాషలో కుంటివాడి కొడుకు అని. అదీ నా పుట్టుక.

మనవల కాలానికి ఆ కాలు యుద్ధంలో విరిగింది. వాళ్ల మనవల కాలానికి అదే యుద్ధంలో రాజుగారి ప్రాణం కూడా డొనాల్డే కాపాడాడు. నిజం నాకు తెలుసు గాని, నన్నెవరూ అడగలేదు.

తరాలు గడిచాక భూస్వాములు గొర్రెల కోసం కొండలు ఖాళీ చేయించారు. నేను జనపనార మిల్లులున్న డండీ పట్నానికి దిగాను. అక్కడ నన్ను మోసింది ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు రాబర్ట్‌కు గుమాస్తా ఉద్యోగం దొరికింది. కొండపేరు ఆఫీసులో నాటుగా వినిపిస్తోందని నన్ను వదిలేసి, వాకర్ అని పెట్టుకున్నాడు. వాకర్ అంటే నడిచేవాడు. కుంటివాడి వంశానికి ఏ వైద్యుడూ అంత తేలిగ్గా కాలు బాగుచేయలేదు.

చిన్నవాడు ఆలెక్ మగ్గాల ఫిట్టరు. విశాఖకు ఉత్తరాన, సముద్రపొడ్డున కొత్తగా వెలిసిన మిల్లులో పని దొరికి, నన్ను ఓడెక్కించి తెచ్చాడు. కూలీల నోట నేను తిరగలేదు. మేకవాకిలి దొర అన్నారు. ఆలెక్ కొన్నాళ్లు దిద్దాడు, ఆపైన అలా పిలిచినా పలకడం అలవాటు చేసుకున్నాడు.

అదే మిల్లులో నూలు చుట్టే సూరీడమ్మతో అతను కాపురం పెట్టాడు. ఆడపిల్ల పుట్టింది. మేనేజరు దొర ఆలెక్‌ను పిలిపించి, ఆ మనిషి నీ ఇంట్లో ఉంటే చూడనట్టే ఉంటాను గాని, పిల్లకు మన జాతి పేరు తగిలించావంటే ఉద్యోగం ఉండదన్నాడు. ఆలెక్ ఇంటికొచ్చి ఆ మాట నీళ్లు నములుతూ చెప్పాడు. సూరీడమ్మ పిల్లకు పాలిస్తూనే వింది.

బాప్తిస్మం రోజున మేనేజరు ముందు బెంచీలోనే కూర్చున్నాడు. తెలుగు పాస్టరు పిల్ల ఇంటిపేరేమిటని అడిగాడు. ఆలెక్ పళ్ల వెనకే ఆగిపోయాను నేను. అతను నేలచూపులు చూస్తున్నాడు.

"మేకవాకిలి ఎలీసమ్మ. అలాగే రాసీండి బాబూ," అంది సూరీడమ్మ, వెనక బెంచీలదాకా వినిపించేలా.

మేనేజరుకు అది అచ్చమైన తెలుగు ఇంటిపేరులా తోచింది. తన హెచ్చరిక పనిచేసిందని తృప్తిగా తలాడించాడు. ఆలెక్ ఆమెకేసి చూసి, మళ్లీ తల దించుకున్నాడు. నోరు తెరవాల్సిన చోట తెరవలేదన్న సిగ్గు అతన్ని చచ్చేదాకా వదల్లేదు.

ఎలీసమ్మకు ఇల్లరికపుటల్లుణ్ణి తెచ్చుకుని, పిల్లలకు నన్నే పెట్టారు కాబట్టి నేను ఆ ఇంట్లోనే నిలిచాను. ఇప్పుడు నన్ను ఆమె మనవరాలు మార్తమ్మ మోస్తోంది. టిఫిన్ల కొట్టు నడుపుతుంది.

ఈమధ్య ఆ కొట్టుకు ఇయాన్ వాకర్ అనే ముసలాయన వాళ్ల దేశపు మగవాళ్లు కట్టే గళ్ల పావడా కట్టుకుని స్కాట్లాండు నుంచి వచ్చాడు. రాబర్ట్ మునిమనవడు. అక్కడ మెక్‌వాకీలు ఒక్కరూ మిగల్లేదట, ఆలెక్ పనిచేసిన మిల్లు ఆచూకీ పట్టుకుని, వెతికి వెతికి ఇక్కడికి చేరాడు. పక్కింటి టీచరమ్మ తెలుగులో చెబుతుంటే, యుద్ధమూ రాజుగారి ప్రాణమూ అన్నీ వినిపించాడు. ఇంతటి వీరుడి పేరు ఇలా చెడిపోయి ఉండటం బాధగా ఉందనీ, ఇకనైనా మెక్‌వాకీ అని సరిగ్గా రాసుకోమనీ బతిమాలాడు.

మార్తమ్మ అట్టు తిరగేసింది.

"అంత గొప్ప పేరైతే మీవోళ్లెందుకు వదిలీసినారు?" అంది.

టీచరమ్మ ఇంగ్లీషులో చెప్పింది.

"మా మామ్మోళ్లమ్మ నలుగురిలో గట్టిగా చెప్పి నిలబెట్టిన పేరిది. దీన్ని దిద్దకండి," అంది మార్తమ్మ, అట్టు ఆయన ముందు పెడుతూ.

టీచరమ్మ అదీ చెప్పాక ఆయన తలొంచుకుని తిన్నాడు. చేయి కడుక్కొచ్చి, ఆ పేరు ఎలా పలకాలో చెప్పమని టీచరమ్మను అడిగాడు. చాలాసేపు కుస్తీ పట్టాడు.

"మేకా... వాకీ..."

"చివర లి ఉంది," అంది మార్తమ్మ.

"లి," అన్నాడు వాకర్.