ఎండాకు కింద

కంటి ఆపరేషను చేయించుకుని అమలాపురం నుంచి వచ్చిన దగ్గర్నుంచి సత్యనారాయణమ్మను మరిది కొండబాబు తోటలోకి అడుగు పెట్టనివ్వలేదు.

"దుమ్ము పడితే కన్ను పోద్దండి వదినగారూ. తోట నేను చూసుకుంటున్నాను కదా!" అనేవాడు.

ఎంత ప్రేమో అనుకుని ఆమె మురిసిపోయింది. అత్తగారు పోయేనాటికి వాడు లాగులేసుకునే పిల్లాడు. తనే పెంచింది. భర్త పోయాక కూడా మామిడికుదురు దగ్గరున్న ఆ కొబ్బరితోటను ఇద్దరూ పంచుకోకుండా ఉమ్మడిగానే ఉంచుకున్నారు.

ఆ తోట ఒకప్పుడు వట్టి ఇసుక. ఊరంతా రాలిన ఆకు ఊడ్చి తగలబెడుతుంటే, ఆమె మాత్రం కొబ్బరి నీడన వేసిన కోకో మొక్కల ఆకు, కొబ్బరి కమ్మలు, కాయలు ఒలిచిన డొక్కలు చెట్ల మొదళ్లలో పరిచి కుళ్లబెట్టేది. "చెత్తకి సీమంతం చేస్తున్నారా వదినగారూ?" అని కొండబాబే ఎగతాళి చేసేవాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఇసుక నల్లబడింది. వానపాములొచ్చాయి. ఎరువు బస్తా కొనకుండానే గెలలు నిండుగా దిగాయి.

డాక్టరు సరేనన్న రోజున నల్లకళ్లద్దాలతోనే తోటకి వెళ్లింది. చెట్ల కింద ఎండాకు దుప్పటి పరిచినట్టు ఒత్తుగా ఉంది. బాగానే చూశాడనుకుంది. నాలుగడుగులు వేసేసరికి, ఎప్పుడూ మెత్తగా దిగబడే నేల కాలికి గట్టిగా తగిలింది.

వంగి ఆకు తీసి చూసింది. పైది ఎండినా కింది ఆకు తడిసి, సగం చివికి, ఈనెలు తేలి ఉండాలి. దాని కింద నల్లమన్ను ఉండాలి. ఇక్కడ పైనుంచి అడుగుదాకా ఒకటే ఎండాకు. ఆ కింద ఇసుక. కొబ్బరి వేళ్లు తెగి బయటపడి ఉన్నాయి.

ఇది రాలిన ఆకు కాదు. తెచ్చి కప్పిన ఆకు.

కొండబాబు పరుగున వచ్చాడు.

"మన్నేదిరా?"

"అదీ... మా పెద్దోడు నాగసతీష్ నర్సరీ పెట్టేడు కదండీ. మొక్కల సంచుల్లోకి మంచి మన్ను కావాలన్నాడు. ఏదో పైపైన గీకించేనండి."

"మరి ఈ ఆకెందుకు కప్పేవు?"

"చూస్తే బాధపడతారని..."

"నాకు కళ్లు కనబడని రోజులు చూసుకుని తవ్వించేవన్న మాట."

"రెండు బస్తాల యూరియా కొట్టిస్తానండి. అయినా మళ్లీ ఆకు రాలదేంటండీ?"

ఆకు రాలుతుంది. అది మన్ను కావాలంటే ఎన్ని వానలు పడాలో ఆమెకు తెలుసు. అన్ని వానలు తనకి మిగిలున్నాయో లేదో తెలియదు.

తెగిన వేళ్ల మీద చేత్తో ఇసుక కప్పి లేచింది.

"సర్వేయర్ని పిలిపించు. వాటాలు వేసేసుకుందాం."

"మన్ను కోసం వాటాలేంటండీ వదినగారూ? నలుగురూ నవ్వుతారు."

"మన్ను కాక ఇంకేం ఉందిరా మనం పంచుకోడానికి?"

తోట చివర బోదె కాలవ దగ్గరికి వచ్చేసరికి కొండబాబు దాటించడానికి చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు. కొబ్బరి మొదలు ఆసరా చేసుకుని, చీర కుచ్చెళ్లు తడిసిపోతున్నా, నీళ్లలోకి దిగి అవతలికి నడిచింది.