డీజిల్ మీరే పోయించండి

పరుశురాం డీజిల్ టెంపో కొన్నది ఒకే ఒక్క నమ్మకం మీద. పెట్రోలు కంటే డీజిల్ ఎప్పుడూ చవక. లాక్‌డౌన్ సడలించిన జూన్‌లో ఆ నమ్మకమూ పోయింది. బంకు బోర్డు మీద రెండింటికీ రూపాయి తేడా లేదు. ఇక తను సరుకు మోసే రతిలాల్ సేఠ్‌ని భాడా, అదే బండి కిరాయి, పెంచమని అడగాలి, లేదా బండి అమ్ముకోవాలి. సేఠ్ ముందు మొగుడికి నోరు పెగలదని తెలిసిన వినోద, మాస్కు కట్టుకుని తనే టెంపో ఎక్కింది.

సేఠ్ సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో గుడ్డ మూటలు బండికెక్కాయి. మధ్యాహ్నం పన్నెండులోపు అవి పాండేసర పారిశ్రామికవాడలో రంగుల మిల్లుకు చేరాలి.

వినోద మొదలుపెట్టేలోపే సేఠ్ హిందీలో అందుకున్నాడు. "పరుశురామ్‌భాయ్, క్రూడాయిల్ నీళ్లకంటే చవకైందట, టీవీలో చూశా. ఇవాళ్టి నుంచి ట్రిప్పుకి వంద తగ్గించు."

వినోదకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"దీపావళి తర్వాత లాభపంచమికి ఖాయం చేసిన భాడా మళ్లీ లాభపంచమి దాకా కదలదని మీరే అంటారు కదా సేఠ్‌జీ?" అంది తనూ హిందీలోనే.

"చవకైతే తగ్గాలి కదా బెహన్."

"చవకైంది సర్కారుకి. మే నెలలో ఢిల్లీవాళ్లు పెట్రోలు మీద లీటరుకి పది రూపాయల పన్ను పెంచితే, డీజిల్ మీద పదమూడు పెంచారు. మొన్న గాంధీనగర్‌లోని రాష్ట్ర సర్కారువాళ్లు రెండింటి మీదా చెరో రెండు వేశారు. లారీలు, ట్రాక్టర్లు తాగేదని డీజిల్ మీద ఒకప్పుడు పన్ను తక్కువ. ఇప్పుడు ఆ మర్యాద కూడా తీసేశారు."

"జర నువ్వు ఊకో," పరుశురాం సేఠ్‌కి అర్థం కాకుండా తెలుగులో గొణిగాడు. "ఉన్న పని గూడ గుంజుకుంటడు."

"గుంజుకోనీ. ఊకున్నందుకే బండి అమ్ముకునే కాడికి వచ్చినం."

డ్రైవర్లంతా ఊళ్లకు వెళ్లిపోయారు, వేరే టెంపో దొరకదు. అది సేఠ్‌కీ తెలుసు, వినోదకీ తెలుసు. తెలియనిది పరుశురాం ఒక్కడికే.

"వంద ఎందుకు సేఠ్‌జీ," అంది వినోద మెత్తగా. "లాభపంచమి నాడు లెక్కేసిన డీజిల్ ఖర్చు మొత్తం మా భాడాలోంచి తీసెయ్యండి. రోజూ డీజిల్ మాత్రం మీరే పోయించండి. చవకైంది కదా."

సేఠ్ మురిసిపోయి బంకుకు ఫోన్ చేశాడు. "అరే, పెట్రోలు కాదు, నేనడిగింది డీజిల్ రేటు," అని అవతలివాడి మీద కేకలేశాడు. మళ్లీ విన్నాడు. ఈసారీ అదే అంకె.

"పాత భాడానే ఉండనీ," అన్నాడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ.

"పాత భాడాకి పాత డీజిల్ దొరకదు." వినోద మొగుడి వైపు తిరిగింది. "మూటలు దించు."

పరుశురాం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మొదటి మూట దించాడు. సేఠ్ గడియారం చూశాడు. పదకొండు దాటింది. రెండో మూట నేలకు తగలకముందే అడిగాడు, "ఎంత పెంచమంటావు బెహన్?"

వినోద ఇంకా చల్లబడలేదు.

"చెప్తా. ముందు ఆ మూట మీ మనిషితో ఎక్కించండి," అంది.